మెట్ల రెయిలింగ్: కాలు బండలోనా, స్లాబులోనా?

కొమరోలు, గిద్దలూరు, బేస్తవారిపేట వైపు కొత్త ఇల్లు లేస్తుంటే రెయిలింగ్ సంగతి చిట్టచివరికి గానీ రాదు. పునాది, పిల్లర్లు, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు, కరెంటు పని, బండలు, రంగులు అన్నీ అయ్యాక, గృహప్రవేశం ముహూర్తం నెత్తి మీదికి వచ్చాక వెల్డింగ్ షాపు అతనికి కబురు పోతుంది. అతను టేపుతో కొలుచుకుని, పైపులు కోసుకొచ్చి, పాలిష్ చేసిన మెట్టు బండ మీద డ్రిల్లింగ్ మిషన్ ఆనిస్తాడు. ఒకటి రెండు రోజుల్లో పని ముగుస్తుంది. స్టీలు పైపు తళతళలాడుతుంది. కాలి దగ్గరికి గుండ్రటి మూత జారి కూర్చుని బోల్టుల్ని దాచేస్తుంది. ఆ మూత కింద ఎన్ని బోల్టులున్నాయి, అవి ఎంత లోతుకి దిగాయి, దిగింది దేనిలోకి అన్నవాటిని బట్టే రేపు ఆ రెయిలింగ్ ఒక మనిషి తూలి మీద పడినప్పుడు ఆపుతుందో, మనిషితో పాటు కిందికి పోతుందో తేలుతుంది.

రెయిలింగ్ కొనేటప్పుడు జనం పైపు మందం అడుగుతారు, స్టీలు రకం అడుగుతారు, డిజైను ఫోన్లో చూపిస్తారు. పట్టు తప్పేది మాత్రం చాలాసార్లు పైపు దగ్గర కాదు, పాదం దగ్గర. నిలువు పైపు నేలను కలిసే ఆ నాలుగంగుళాల చోటు గురించి మన ఇళ్ల ప్లానుల్లో ఒక్క గీత కూడా కనిపించదు. మెట్లు ఎన్నో, ఎత్తెంతో, వెడల్పెంతో గీస్తారు. రెయిలింగ్ కాలు ఎలా దిగాలో గీయరు. అది మేస్త్రీకీ చెందక, బండల పనివాడికీ చెందక, వెల్డరు చేతిలో ఆఖరి గంటలో పడే పనిగా మిగిలింది.

2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి గుడిలో జరిగిన ఘోరం ఈ విషయాన్ని రాష్ట్రమంతటికీ గుర్తు చేసింది. ఒక భక్తుడు సొంత స్థలంలో కట్టించిన గుడి అది. దర్శనం మొదటి అంతస్తులో. పైకి వెళ్లాలంటే సుమారు 20 మెట్లు ఎక్కాలి. ఆ రోజు జనం అంచనాలకు మించి వచ్చారు. మెట్ల దారిలో ఒత్తిడి పెరిగి రెయిలింగ్ విరిగింది. అంచున ఉన్నవాళ్లు పడ్డారు, వాళ్ల మీద మరికొందరు పడ్డారు. తొమ్మిది మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. జనాన్ని అదుపు చేసే ఏర్పాటు లేకపోవడం, రాకపోకలకు ఇరుకు దారి, ముందస్తు సమాచారం ఇవ్వకపోవడం లాంటి కారణాలన్నీ అప్పుడు చర్చకు వచ్చాయి. వాటి నడుమ రెయిలింగ్ సంగతి ఒక వాక్యంలో తేలిపోయింది. నిజానికి గుంపును ఎంత అదుపు చేసినా, పండుగ రోజు కొంత ఒత్తిడి ఆ ఇనుము మీద పడి తీరుతుంది. అలాంటి రోజును కూడా ఓర్చుకునేలా కట్టడానికి లెక్కలు ఉన్నాయి. అవి నిన్న మొన్నటివి కావు.

భారత ప్రమాణాల సంస్థ 1987లో సవరించిన ఐఎస్ 875 రెండో భాగం, భవనాల మీద పడే బరువుల గురించి చెప్పే పుస్తకం. రెయిలింగ్ పైకడ్డీని మీటరు పొడవునా ఎంత బలంతో పక్కకు నెట్టినా అది నిలవాలో అందులో ఒక పట్టిక ఉంది. సొంత ఇంటి మెట్లకైతే మీటరుకు 0.35 కిలోన్యూటన్, అంటే సుమారు 35 కిలోల బరువుతో నెట్టినంత. ఇతర భవనాల మెట్లకు, బాల్కనీలకు, డాబా అంచులకు 0.75, అంటే 75 కిలోలు దాటి. సినిమా హాళ్లు, ప్రార్థనా స్థలాలు, బడులు, జనం కిక్కిరిసే అవకాశమున్న ఏ చోటికైనా 2.25. మీటరుకు దాదాపు 230 కిలోలు. ఈ బలాన్ని కడ్డీ ఒక్కటే తట్టుకుంటే చాలదు, దాన్ని మోసే భాగాలన్నీ తట్టుకోవాలని కూడా అదే నిబంధన అంటోంది. మోసే భాగాల్లో కాలి కింద బోల్టు కూడా ఒకటి.

ఇంటి మెట్లకు 35 కిలోలు చాలన్న అంకె మన ఊళ్లకు తక్కువే. పశ్చిమ ప్రకాశంలో మెట్లు చాలా ఇళ్లకు బయటి వైపు ఉంటాయి, నేరుగా డాబా మీదికి పోతాయి. ఎండాకాలం రాత్రుళ్లు పడకలు డాబా మీదే. మిరపకాయలు, వడియాలు ఎండేది అక్కడే. కందుల మూట భుజాన వేసుకుని ఎక్కే మనిషి ఒక్క చేత్తో పైపు పట్టుకుని తన బరువంతా దాని మీద మోపుతాడు. పెళ్లికో, ఓణీల ఫంక్షనుకో ఇంటినిండా చుట్టాలు చేరితే ఫోటోలకు నిలబడేది ఆ మెట్ల మీదే. అయిదారుగురు ఒకేసారి రెయిలింగ్‌కు ఒరుగుతారు. ఆ పూట ఆ ఇల్లు సొంత ఇల్లు కాదు, సభాస్థలి. కనుక ఇంటికైనా మీటరుకు 75 కిలోల లెక్కే పట్టుకోవడం ఉత్తమం.

ఇప్పుడు అసలు చిక్కు. 75 కిలోలు పెద్ద బరువేం కాదు, ఏ బోల్టయినా మోస్తుందనిపిస్తుంది. కానీ ఆ నెట్టుడు మీటరు ఎత్తున పడుతోంది, దాన్ని ఆపాల్సిన బోల్టు మాత్రం కాలి దగ్గర, ప్లేటు అంచుకు మూడంగుళాల దూరంలో ఉంది. బండలు పగలగొట్టేవాళ్లు గడ్డపారతో చేసే పనే ఇక్కడ రెయిలింగ్ చేస్తుంది. పొడుగు చివర చిన్న బలం, పొట్టి చివర కొండంత బలం.

లెక్క వేసి చూడవచ్చు. నిలువు పైపులు 4 అడుగులకు, అంటే 1.2 మీటర్లకు ఒకటి చొప్పున పెట్టారనుకుందాం. మీటరుకు 0.75 చొప్పున ఒక్కో కాలి మీద పడేది 0.9 కిలోన్యూటన్, సుమారు 92 కిలోలు. ఎత్తు 1,000 మిల్లీమీటర్లు. నాలుగంగుళాల ప్లేటు బయటి అంచు మీద తిరగబడబోతే, లోపలి వైపు బోల్టులు ఆ అంచుకు 80 మిల్లీమీటర్ల దూరంలో పట్టి ఆపాలి. 1,000ని 80తో భాగిస్తే 12.5. అంటే పైన పడిన ప్రతి కిలోకూ కింద పన్నెండున్నర కిలోల లాగుడు. 92 కిలోలు కాస్తా 1,150 కిలోలవుతాయి. గుడిలో, బడిలో అయితే ఒక్కో కాలి మీద 275 కిలోలు, బోల్టుల దగ్గర దాదాపు మూడున్నర టన్నులు. అంత బలాన్ని 8 మిల్లీమీటర్ల బోల్టు రెండు, అరచేయంత ప్లేటు ఆపగలవా అన్నది ఎవరికి వాళ్లే చెప్పుకోవచ్చు. అదే ప్లేటును ఆరంగుళాలకు పెంచి, బోల్టుల్ని అంచులకు జరిపితే పన్నెండున్నర రెట్లు ఎనిమిది రెట్లకు దిగుతుంది. ఖర్చు దాదాపు ఏమీ పెరగకుండా వచ్చే లాభం ఇది.

బోల్టు సత్తువ దాని ఇనుములో కన్నా అది దిగిన కాంక్రీటులో ఉంటుంది. బోల్టును గట్టిగా లాగితే కాంక్రీటు గరాటు ఆకారంలో పెళ్లలుగా ఊడి వస్తుంది. బోల్టు ఎంత లోతుకు దిగితే ఆ గరాటు అంత పెద్దది, ఊడదీయడం అంత కష్టం. ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం లోతు సగానికి తగ్గితే పట్టు సగం కాదు, దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఈ ఒక్క మాట కొమరోలు మెట్లకు అన్వయించి చూస్తే భయం వేస్తుంది.

ఇక్కడి మెట్టును పైనుంచి కోసి చూస్తే మొదట కనిపించేది బండ. ఒకప్పుడు నల్లమల ఘాటు దాటి వచ్చే బేతంచర్ల బండ, దక్షిణం నుంచి కడప బండ. 1970 దాకా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలోవే కదా, ఆ బండల దారి పాతదే. పలకల మార్కాపురం రాయి చుట్టుపక్కల ఉండనే ఉంది. ఇప్పుడు మెట్టుకు మెరుపు కావాలంటే చీమకుర్తి గ్రానైటు. దాని మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు. దాని కింద అంగుళం నుంచి అంగుళంన్నర సిమెంటు మాలు. ఆ కింద కాంక్రీటు ఉంటుందని అనుకుంటాం. చాలా ఇళ్లలో ఉండదు. ఏటవాలు స్లాబును మాత్రమే కాంక్రీటుతో పోసి, దాని మీద మెట్టు ఆకారం ఇటుకతో కడతారు. సెంట్రింగు పని తేలిక, కాంక్రీటు ఆదా. మెట్టు వరకు అందులో తప్పేం లేదు. తొక్కితే పడే బరువు కిందికే కాబట్టి ఇటుక హాయిగా మోస్తుంది.

రెయిలింగ్ కాలికి కావలసింది పైకి లాగే బలాన్ని ఆపడం. మూడంగుళాల బోల్టు, అంటే 75 మిల్లీమీటర్లు, ప్లేటు మందం పోను బండలో 20, మాలులో 30 నుంచి 40 తినేసి, ఇటుకలోకి వేలెడంత కూడా దిగదు. స్లాబు అక్కడికి ఇంకా మూడు నాలుగంగుళాల దూరంలో ఉంది. వెల్డరు నట్టు బిగిస్తే బిగుసుకుంటుంది, ఊపి చూస్తే కదలదు, ఎందుకంటే బండ, మాలు, ఇటుక ఒకదానికొకటి అతుక్కుని కొత్తలో గట్టిగానే ఉంటాయి. ఏడాది ఎండావానలకు బండ కింద బోలు పడుతుంది. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. అప్పటి నుంచి ఆ కాలు పట్టుకున్నది నాలుగు కిలోల బండ ముక్కను మాత్రమే.

అంచు మరో శత్రువు. ఎక్కే దారి వెడల్పు పోకూడదని కాలిని మెట్టు చివరికి జరుపుతారు. అంచుకు రెండంగుళాలు, కొన్నిచోట్ల అంగుళంన్నర. కాంక్రీటులో 50 మిల్లీమీటర్లు దిగిన బోల్టుకు పూర్తి పట్టు రావాలంటే చుట్టూ కనీసం 75 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. అంచు దగ్గర ఆ గరాటులో సగం గాలిలో ఉంటుంది. పైగా మన షాపుల్లో దొరికే మామూలు యాంకర్ బోల్టు బిగించే కొద్దీ ఉబ్బి, రంధ్రం గోడల్ని బయటికి నెట్టి పట్టుకునే రకం. అంచు దగ్గర అలా నెడితే కాంక్రీటే చిట్లుతుంది. గ్రానైటయితే డ్రిల్లు కొట్టేటప్పుడే పగులుతుంది. పగిలిన చోట తెల్ల సిమెంటు పూసి రంగు కలిపేస్తారు. మెట్టు ముక్కు దగ్గర అలా అతికిన గీత కనబడితే ఆ కాలిని నమ్మకూడదు.

పాత ఇళ్లలో ఈ బాధ లేదు, ఎందుకంటే రెయిలింగే లేదు. మట్టి మిద్దెల కాలంలో డాబా ఎక్కడానికి నిచ్చెన, లేదంటే గోడలోకి దిగేసిన బండ మెట్లు. పొడుగాటి బండ ఒక కొసను మందపాటి రాతి గోడలో జానెడు పైగా పెట్టి కడతారు, రెండో కొస గాలిలో ఉంటుంది. పైనున్న గోడ బరువే ఆ కొసను అణచి పట్టుకుంటుంది. ఇప్పటికీ ఈ ప్రాంతపు పాత ఊళ్లలో అలాంటి మెట్లు నిలిచి ఉన్నాయి, మనుషులు ఎక్కుతున్నారు. వాటి కట్టుబడిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ మేస్త్రీలు బండను గోడ లేచేటప్పుడే పెట్టారు. గోడ పూర్తయ్యాక రంధ్రం చేసి దూర్చలేదు.

కొత్త కట్టడంలో ఆ పద్ధతికి సమానమైనది ఉంది, మేస్త్రీలకు తెలిసిందే. మెట్ల స్లాబు పోసే రోజునే, కాలు వచ్చే చోట 8 మిల్లీమీటర్ల మందం ఇనుప ప్లేటుకు అడుగున వంచిన కడ్డీలు వెల్డు చేసి, వాటిని స్లాబు కడ్డీల కిందికి దూర్చి తీగతో కట్టేస్తే, కాంక్రీటు వాటి చుట్టూ గడ్డకడుతుంది. తర్వాత నిలువు పైపు ఆ ప్లేటుకు నేరుగా వెల్డింగు. డ్రిల్లు అక్కర్లేదు, బోల్టు అక్కర్లేదు. బండల పనివాడు పైపు చుట్టూ బండను కోసి పరుస్తాడు. అదొక్కటే అదనపు శ్రమ. ఇనుప ప్లేటుకు స్టెయిన్‌లెస్ పైపు అతికేటప్పుడు మామూలు వెల్డింగ్ పుల్ల వాడకూడదు, రెండు రకాల ఇనుములు కలిపే 309 రకం పుల్ల వాడాలి. లేకపోతే ఆ అతుకే మొదట తుప్పు పడుతుంది.

ఇంకో దారి, మెట్ల అంచున నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తు కాంక్రీటు కట్టను స్లాబుతో పాటే, స్లాబు కడ్డీలను పైకి లేపి పోయడం. ఆ కట్టలో ప్లేట్లు పెడితే కాలి దగ్గర నీళ్లు నిలవవు, బండను తొలచాల్సిన పనీ ఉండదు. బయటి మెట్లకు ఇదే మేలైన పద్ధతి. దీని బదులు చాలామంది నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ కట్టి, దాని నెత్తిన పొట్టి పైపులు బిగిస్తున్నారు. పై వరుస ఇటుకను కింది వరుసకు పట్టి ఉంచేది సిమెంటు మాలు మాత్రమే. మనిషి ఒరిగితే పైపు ఊడదు, ఇటుకతో సహా వస్తుంది. మధ్యమధ్య కాంక్రీటు పిల్లర్లు లేని సన్న పిట్టగోడ తన మట్టుకు తానే ప్రమాదం.

ప్లేటును మెట్టు పైన కాక స్లాబు పక్క ముఖానికి బిగించే పద్ధతి నగరాల అపార్టుమెంట్లలో ఎక్కువగా కనబడుతుంది. మెట్టు వెడల్పు పూర్తిగా మిగులుతుంది, బండ జోలికి పోనక్కర్లేదు. బోల్టుల్ని ఒకదాని కింద ఒకటి పెట్టి దూరం పెంచుకోవచ్చు. స్లాబు మందం అయిదంగుళాలే ఉంటే మాత్రం పైనా కిందా అంచులు దగ్గరవుతాయి కాబట్టి ఇక్కడ ఉబ్బే బోల్టు పనికిరాదు, మందు పోసి నిలిపేది వాడాలి. పక్క ముఖం మీది ప్లాస్టరింగును గీకేసి కాంక్రీటుకే ప్లేటు ఆనించాలి.

ఆ మందు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కెమికల్ యాంకర్ అంటే రంధ్రంలో రెండు భాగాల రసాయనం నింపి, మరలున్న కడ్డీని తిప్పుతూ దించడం. గట్టిపడ్డాక అది కాంక్రీటును ఉబ్బించకుండా, అంటుకుని పట్టుకుంటుంది. అంచుల దగ్గర దానికి సాటి లేదు. అయితే అది నేరుగా రంధ్రం శుభ్రత మీద బతుకుతుంది. డ్రిల్లు కొట్టాక లోపల మిగిలే పొడిని ఊది, గుండ్రటి బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఊదాలి. పొడి మీద మందు పోస్తే అది పొడిని పట్టుకుంటుంది, గోడను కాదు. ఎండాకాలంలో మార్కాపురం, గిద్దలూరు వేడికి మందు త్వరగా బిగుస్తుంది. బిగుసుకోవడం మొదలయ్యాక కాలు నిటారుగా లేదని పైపును అటూ ఇటూ వంచితే పట్టు లోపలే తెగుతుంది, పైకి ఏమీ తెలియదు. పొద్దున్నే చల్లపూట ఆ పని చేయడం మంచిది. మందు పోసిన కడ్డీల పక్కనే తర్వాత వెల్డింగు చేస్తే ఆ వేడికీ అది పాడవుతుంది. కాబట్టి వెల్డింగంతా ముగించి, చల్లారిన కాలును దించాలి.

ఈ మందును గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్ నగరం చూసింది. 2006 జులై 10న అక్కడి కొత్త సొరంగ మార్గంలో పైకప్పుకు వేలాడదీసిన భారీ కాంక్రీటు పలకలు కారు మీద పడి ఒక స్త్రీ చనిపోయింది. జాతీయ రవాణా భద్రతా మండలి విచారించి తేల్చింది ఏమిటంటే, వాడిన త్వరగా గట్టిపడే ఎపాక్సీ రకానికి ఎడతెగని లాగుడు కింద మెల్లగా సాగే గుణం ఉంది. బోల్టులు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారి చివరికి ఊడాయి. రెయిలింగ్ మీద లాగుడు ఎడతెగనిది కాదు, అప్పుడప్పుడు పడేది. ఆ మేరకు ఇక్కడ భయం తక్కువ. అయినా ఏ మందు ఏ పనికో డబ్బా మీద చదివి కొనాలన్న పాఠం మన షాపులకూ వర్తిస్తుంది.

గోడలో బిగింపుల చరిత్ర నూరేళ్లు దాటింది. 1910 ప్రాంతంలో లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే గుత్తేదారు బ్రిటిష్ మ్యూజియం గోడల్ని పాడుచేయకుండా సామాను బిగించే పని మీద పడి, జనపనారను జంతు రక్తంతో గట్టిపరిచి చిన్న గొట్టం తయారు చేశాడు. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ అనే రావల్ ప్లగ్గు ఆయన పేరు మీదిదే. 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు తెచ్చాడు. లీచ్‌టెన్‌స్టైన్‌లో 1941లో పుట్టిన హిల్టీ కంపెనీ పేరు మన సైట్లలో డ్రిల్లింగ్ మిషన్‌కే పేరైపోయింది. గోడలు, కప్పులు, నేలల్లో బిగింపు సాధనాల వాడకం మీద భారత ప్రమాణం ఐఎస్ 1946 వచ్చింది 1961లో. నిబంధనలకు కొరత లేదు, అవి వెల్డింగ్ షాపు దాకా చేరలేదు.

గ్లాసు రెయిలింగ్ మోజు ఇప్పుడు మార్కాపురం దాకా వచ్చింది. గట్టిపరిచిన అద్దం బరువు పైపుల కన్నా చాలా ఎక్కువ కాబట్టి పైన చెప్పినవన్నీ దానికి రెట్టింపు శ్రద్ధతో వర్తిస్తాయి.

తుప్పు మాటకు వద్దాం. బయటి మెట్లకు ఇనుప రెయిలింగ్ వేసిన ఇళ్లలో కాలి దగ్గర రంగు పొడుచుకు లేచి, ఎర్రటి చార బండ మీదికి దిగడం చూస్తుంటాం. ఈ ప్రాంతం పొడి నేల, సముద్రపు గాలి లేదు, తుప్పు నెమ్మదిగానే పట్టాలి. కానీ రోజూ పొద్దున్నే కళ్లాపి చల్లి మెట్లు కడిగే ఇళ్లు ఇవి. ఆ నీరు మూత కిందికి దిగి అక్కడే నిలుస్తుంది, ఆరదు. మూత అందానికి పెట్టిందే గానీ, అది తడిని దాచే గిన్నెలా పనిచేస్తుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. రాతిలో గుంట చేసి సీసం పోసి నిలిపిన పాతకాలపు ఇనుప కటకటాల దగ్గర రాళ్లు చీలిపోయింది ఆ ఉబ్బు వల్లే. మూతను పైకి లేపి ఏడాదికి రెండుసార్లు చూడటం, ప్లేటు చుట్టూ సిలికాన్ పూయడం చిన్న పనులు.

స్టీలులోనూ తేడాలున్నాయి. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. ధర తక్కువని అంటగట్టే 202 రకంలో నికెల్ సగానికి తగ్గించి మాంగనీసు కలుపుతారు. అయస్కాంతం పెట్టి చూస్తే తేలుతుందని ఒక నమ్మకం ఉంది. రెంటికీ అయస్కాంతం దాదాపు అంటుకోదు కాబట్టి ఆ పరీక్ష ఈ తేడా చెప్పదు. కొమరోలు లాంటి పొడి ఊళ్లో ఇంటి లోపలి మెట్లకు 202 నడుస్తుంది. బయటి మెట్లకు 304 పెట్టడమే మంచిది. శ్రీకాకుళం, నెల్లూరు తీరాల్లో గుళ్లకు మాలిబ్డినం కలిసిన 316 కావాలి. పైపు 304 కొని, దాని కింద మామూలు ఇనుప బోల్టు వాడితే కొన్న లాభం పోతుంది.

బయటి దేశాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఈ లెక్క వేరే రూపంలో ఎదురవుతుంది. అమెరికా నిబంధనల్లో సొంత ఇంటి రెయిలింగ్ అయినా పైకడ్డీ మీద ఏ ఒక్క చోటైనా 200 పౌండ్ల, అంటే 90 కిలోల బలాన్ని ఆపాలి. అక్కడి నేలలు చెక్కవి. వెనకటి చెక్క డెక్కుల్లో నిలువు దుంగను అంచు పలకకు మేకులతో కొట్టి వదిలేసేవారు. ఇప్పుడు లోపలి దూలాలకు ఇనుప పట్టీలతో కట్టి, బోల్టును ఆరపార పంపిస్తారు. తనిఖీకి వచ్చే అధికారి రెయిలింగ్ పట్టుకుని ఊపి మరీ చూస్తాడు.

కాలు వదిలితే ఏమవుతుందో చూపిన ఘటనలు ప్రపంచంలో తక్కువేం లేవు. 2021 మార్చిలో బొలీవియాలోని ఎల్ ఆల్టో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నాలుగో అంతస్తు నడవలో విద్యార్థుల గుంపు తోపులాటకు రెయిలింగ్ బయటికి ఒరిగి ఊడింది. కనీసం ఏడుగురు పిల్లలు కింద పడి చనిపోయారు. 1971 జనవరి 2న గ్లాస్గో నగరంలోని ఐబ్రాక్స్ ఫుట్‌బాల్ మైదానంలో 13వ నంబరు మెట్ల దారిలో 66 మంది నలిగి చనిపోయారు. ఉక్కు రెయిలింగులు జనం ఒత్తిడికి వంగిపోయాయి. ఆ తర్వాత బ్రిటన్ 1975లో క్రీడా మైదానాల భద్రతకు చట్టం చేసింది, మెట్ల కటకటాలను బరువు పెట్టి పరీక్షించడం అలవాటైంది. ఇక ఇళ్లలో, వీధుల్లో ఒక్కొక్కరుగా పడేవాళ్ల సంగతి వార్తల్లోకి రాదు. ఏటా ప్రపంచంలో 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాద మరణాల్లో రోడ్ల తర్వాత స్థానం దీనిదే. అందులో ఎక్కువ భాగం పెద్దవాళ్లు. వాళ్లే రెయిలింగ్ మీద ఎక్కువ ఆధారపడేవాళ్లు కూడా.

కొత్తగా కట్టేవాళ్లకు చెప్పాల్సింది ఇంతే: కాలు ఎక్కడ దిగాలో స్లాబు పోసే రోజున తేల్చుకోవాలి. వెల్డరును గృహప్రవేశానికి ముందు కాక, సెంట్రింగు దశలో ఒకసారి పిలిపించి, కాళ్ల చోట్లు సుద్దతో గుర్తు పెట్టించుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. హైదరాబాదు, బెంగళూరుల్లో పెద్ద భవనాల మీద పనిచేసి వచ్చిన పనివాళ్లు ఈ మండలాల్లో చాలామంది ఉన్నారు. ప్లేట్లు ముందే పెట్టడం వాళ్లకు కొత్త కాదు. ఊళ్లో ఇంటికి అంత అవసరమా అని యజమాని అడ్డుపడకపోతే చాలు.

ఇప్పటికే కట్టుకున్న ఇళ్లకు దారి ఉంది. మూత పైకి జరిపి, బోల్టు చుట్టూ బండ పగిలిందో లేదో చూడాలి. నాణెంతో బండను తట్టి డొల్ల శబ్దం వస్తోందేమో వినాలి. ఒకరు పైపు ఊపుతుంటే ఇంకొకరు ప్లేటు అంచు లేస్తోందేమో గమనించాలి. ప్లేటు రెండు మిల్లీమీటర్లు లేచినా పైన అంగుళం కదులుతుంది. కదిలే కాలికి నట్టు మళ్లీ బిగించడం వైద్యం కాదు. బోల్టు తీసేసి, అదే రంధ్రాన్ని పొడుగు డ్రిల్లుతో బండ, మాలు, ఇటుక దాటించి స్లాబులోకి కనీసం రెండున్నర అంగుళాలు దించాలి. శుభ్రం చేసి, మందు పోసి, పొడుగు కడ్డీ నిలపాలి. ల్యాండింగ్ దగ్గరైతే ఇంకా గట్టి పద్ధతి, కడ్డీని స్లాబులోంచి ఆరపార పంపి, అడుగున మరో ప్లేటు పెట్టి నట్టు బిగించడం. కింది నుంచి ఆ నట్టు కనిపిస్తుంది, అందంగా ఉండదు. కానీ అది కళ్లెదుట ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. మొదటి కాలు, చివరి కాలు, మలుపు కాలు ఈ మూడింటికీ ముందు చేయాలి. నడిమి వాటికి పక్కవాటి సాయం ఉంటుంది, కొసవాటికి ఉండదు. పైకడ్డీ కొసలను గోడకు కట్టేస్తే మిగతా కాళ్ల భారం చాలా తగ్గుతుంది.

గుళ్ల సంగతి వేరు, అక్కడ చూసి, ఊపి సరిపెట్టుకోకూడదు. నల్లమలలోని నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గరికి శనివారాలు, త్రిపురాంతకం కొండకు శివరాత్రికి, భైరవకోనకు కార్తీకంలో జనం పోటెత్తుతారు. ఊరూరా దాతలు కట్టిస్తున్న మేడ గుళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు బడులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మెట్లకు ఎదురుగా గోడ ఉంటే ఆ గోడకు ఒక కార్ల జాకీ ఆనించి, మధ్యలో బరువు చూపే కాటా పెట్టి, పైకడ్డీని బయటి వైపుకు మెల్లగా నెట్టవచ్చు. కాళ్లు 1.2 మీటర్ల దూరంలో ఉంటే ఒక్కో కాలి దగ్గర 275 కిలోలు చూపేదాకా నెట్టాలి, ఆ బరువు మీద కాసేపు నిలపాలి, వదిలాక కడ్డీ తన చోటికి తిరిగి రావాలి. కింద ఎవరూ నిలబడకుండా చూసుకుని, ఒక ఇంజనీరు దగ్గరుండి చేయించాల్సిన పని ఇది. ఒక పూట పడుతుంది. పండుగ నెల మొదలయ్యే ముందు చేయిస్తే, పట్టు వదిలే కాలు ఏదో తెలిసిపోతుంది, దాన్ని మార్చడానికి వారం రోజుల వ్యవధి కూడా మిగులుతుంది.